ఉమ్ ఖలీల్ కోసం అల్ బీరే: ఎక్కడ బస, ఏది చూడాలి, ఏది వదిలేయాలి

ఉమ్ ఖలీల్ అంటే ఆడవాళ్లకి పని నేర్పే సంఘం పెట్టిన పాలస్తీనా మహిళ సమీహా ఖలీల్. ఆమె ఆనవాళ్లు చూడాలని వెళ్లేవాళ్లు చాలావరకు జెరూసలేంలో గది తీసుకుని, వెస్ట్ బ్యాంక్‌లోని రామల్లాకి ఒక పూట వెళ్లొద్దామనుకుంటారు. ఆ లెక్క తప్పేది ఆ రెండు ఊళ్ల మధ్య ఇజ్రాయెల్ పెట్టిన ఖలందియా చెక్‌పోస్టు దగ్గర. డమాస్కస్ గేటు అవతల నాబ్లస్ రోడ్డు బస్టాండులో 218 నంబరు బస్సు ఎక్కితే, పోయేటప్పుడు మామూలుగా ఆపరు. తనిఖీ అంతా తిరుగు ప్రయాణంలోనే. అరగంటలో తేలొచ్చు, సాయంత్రం రద్దీలో రెండు గంటలూ పట్టొచ్చు. పాస్‌పోర్టుతో పాటు ఇజ్రాయెల్‌లో దిగినప్పుడు ఇచ్చిన చిన్న ప్రవేశ చీటీ చేతికందేలా ఉంచుకోవాలి.

టాక్సీ మాట్లాడుకుంటే పోలేదా అంటే, పాలస్తీనా నంబరు బండి జెరూసలేంలోకి రాలేదు. ఖలందియాలో దిగి మారాల్సిందే. ఇజ్రాయెల్‌లో అద్దెకిచ్చే కార్లకు రామల్లాలో సాధారణంగా బీమా చెల్లదు. అందుకని రెండు రాత్రులు రామల్లాలోనే ఉండటం మేలు. మనారా కూడలి చుట్టుపక్కల హోటళ్లు చవక, అన్నీ నడక దూరం, కానీ హారన్ల మోతకి నిద్ర పట్టదు. మాస్యూన్ వైపు ప్రశాంతం, ధర ఎక్కువ, ప్రతిదానికీ టాక్సీ. ఊరు కొండమీద ఉంది కాబట్టి జనవరిలో హీటరు ఉందా అని అడగాలి. వేసవిలో నీళ్లు రోజూ రావు, మేడమీది ట్యాంకులే ఆధారం. ట్యాంకు ఎంతుందో అడిగితే హోటలువాళ్లేం నొచ్చుకోరు.

అల్ బీరే రామల్లాకి ఆనుకునే ఉంటుంది. సమీహా పెట్టిన సంఘం అక్కడే ఉంది; డ్రైవరుకి దాని పేరు ‘ఇన్‌ఆష్ అల్ ఉస్రా’ అంటే చాలు. 1923లో అనబ్తాలో పుట్టి, పదిహేడేళ్లకే పెళ్లయి బడి మానేసి, 1948లో గాజాకి శరణార్థిగా చేరిన సమీహా, నలభై దాటాక 1964లో హైస్కూలు పరీక్ష పాసైంది. మరుసటి ఏడే ఈ సంఘం పెట్టింది. ఆడవాళ్లకి కావలసింది దానం కాదు, చేతిలో పని అన్నది ఆమె పట్టుదల. కుట్టు శిక్షణ, వంటశాల, పిల్లల బడి అలా పుట్టినవే. 1988లో ఇంతిఫాదా (ఇజ్రాయెల్ ఆక్రమణ మీద పాలస్తీనియన్ల తిరుగుబాటు) రోజుల్లో ఇజ్రాయెల్ సైన్యం దీన్ని మూయించింది. 1996 జనవరి 20 పాలస్తీనా అధ్యక్ష ఎన్నికల్లో అక్కడి అగ్రనేత యాసర్ అరాఫత్ మీద నిలబడ్డ ఏకైక అభ్యర్థి ఆమె; ఓట్లు పదో వంతు అటూ ఇటూ. అందరూ ఉమ్ ఖలీల్ అని పిలుచుకున్న ఈమె 1999లో కన్నుమూసింది.

ఇది టూరిస్టు స్థలం కాదు, పని జరిగే చోటు. ముందురోజు ఫోన్ చేయాలి, శుక్రవారం పెట్టుకోకూడదు, రంజాన్‌లో త్వరగా మూసేస్తారు. పిల్లల ఫొటోలు అడగకుండా తీయొద్దు. సంఘంలోని జానపద వస్తువుల మ్యూజియంకి గంటన్నర ఇవ్వండి. పాత రామల్లా గౌను దగ్గర ఆగాలి: తెల్ల నార బట్టమీద ఎర్ర దారంతో క్రాస్ స్టిచ్, ఎదమీది పలకలో పనితనం చూడాలి. ఏ ఊరి నమూనా ఆ ఊరిది.

ఇలా దారంతో అల్లిక చేసిన బట్ట ఎక్కడ కొన్నా తిప్పి చూడండి. చేతిపనైతే వెనక కూడా అదే రంగు దారం, అక్కడక్కడ ముడులు, కొసలు కనిపిస్తాయి. మెషీన్‌దైతే వెనకంతా ఒకే రంగు అడుగుదారం ఒత్తుగా ఉంటుంది. జెరూసలేం పాత బజారులో చేతిపని అని చెప్పి అంటగట్టేవాటిలో మెషీన్‌వి బోలెడు.

శాకాహారులకి ఇబ్బంది లేదు. బియ్యం, మసూర్ పప్పు కలిపి వండి పైన వేయించిన ఉల్లిపాయలు చల్లే ముజద్దరా మన కిచిడీకి దగ్గరి చుట్టం.

ఇంకో పూట మిగిలితే బీర్ జీత్‌లోని పాలస్తీనియన్ మ్యూజియం. 2016లో తెరిచిన భవనమే చూడదగ్గది. జెరూసలేంలో హింద్ అల్ హుసేనీ అనే ఆమె పెట్టిన అనాథాశ్రమం దార్ అల్ తిఫ్ల్ కూడా వదలొద్దు. 1948లో దేర్ యాసీన్ గ్రామంలో జరిగిన ఊచకోతలో అనాథలైన పిల్లలు 55 మందితో మొదలైన ఇల్లది. సమీహా పుట్టిన అనబ్తా మాత్రం ఇప్పటికి పక్కన పెట్టడమే మంచిది. అది తుల్కరెమ్ దారిలో ఉంది; గాజా యుద్ధం మొదలైన 2023 అక్టోబరు తర్వాత ఆ దారిలో సైన్యం ఎప్పుడు ఏ రోడ్డు గేటు మూస్తుందో తెలియదు, వెళ్లినవాళ్లు అక్కడే చిక్కుకుపోవచ్చు. బయల్దేరే ముందు రామల్లాలోని భారత ప్రతినిధి కార్యాలయం సూచనలు చూసుకుని, ఆ నంబరు కాగితంమీద కూడా రాసిపెట్టుకోండి.