పాత అకార్డ్‌తో కాపురం: ఇంజిన్ కాదు, రబ్బరును చూసుకోవాలి

నాది 2006 నాటి హోండా అకార్డ్. 2.4 లీటర్ల పెట్రోలు ఇంజిన్, ఐదు గేర్ల ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో కొని, ఏళ్ల తరబడి హైదరాబాద్ ట్రాఫిక్‌లోనూ విజయవాడ హైవే మీదా నడుపుతున్నాను. ఇలాంటి కారు కొనాలనుకునేవారు ముందుగా ఇంజిన్ గురించే అడుగుతారు. అన్నిటికంటే తక్కువ బెంగ పెట్టుకోవలసింది దాని గురించే. ఇందులో ఉన్నది టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ వాల్వులు సరైన వేళకు తెరుచుకుని మూసుకునేలా చూసే ఇనుప గొలుసు. ఇదే తరం వి6 (ఆరు సిలిండర్ల) కారుకైతే గొలుసుకు బదులు రబ్బరు బెల్టు ఉంటుంది, దాన్ని గడువు ప్రకారం మార్చి తీరాలి. ఇక్కడ ఆ బాధ లేదు. వేళకు ఆయిల్ మారుస్తూ, అప్పుడప్పుడు ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందును సరిచేయడం) చేయిస్తే చాలు. ఆ పని ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయాలి కాబట్టి కారును ముందురోజు రాత్రే వదిలి రావాలి.

డబ్బూ ఓపికా తినేవి రబ్బరు భాగాలు. ముందు చక్రాలకు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. మలుపుల్లో కారు అంత నిలకడగా పోయేది దానివల్లే. కానీ ఆర్మ్‌లు, వాటి కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు ఎక్కువ. మన గుంతలకూ స్పీడ్ బ్రేకర్లకూ ముందు లొంగిపోయేవి అవే. శబ్దం విని అంచనా వేయడం కంటే కారును పైకెత్తించి కళ్లతో చూడటం మేలు. ఇనుప కడ్డీతో ఆర్మ్‌ను కొద్దిగా జరిపితే, బుష్ మధ్యనున్న గొట్టం చుట్టూ రబ్బరు పగులు నోరు తెరుస్తుంది. అది కనిపించాక ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా డబ్బు దండగే.

స్టీరింగ్ సంగతి వివరంగా చెప్పాలి. పొద్దున స్టార్ట్ చేసి స్టీరింగ్ తిప్పగానే బానెట్ కింద సన్నని కూత మొదలైంది. ఒక వర్క్‌షాపులో పవర్ స్టీరింగ్ పంపు మొత్తం మార్చాలని పెద్ద ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఒప్పుకోకుండా వచ్చేశాను. మరో మెకానిక్ రిజర్వాయర్ (స్టీరింగ్ నూనె ఉండే డబ్బా) మూత తీసి, టార్చి వేసి లోపలికి చూడమన్నాడు. నూనె నిండా నురగ. ఎక్కడో గాలి పీలుస్తోందన్నమాట. రిజర్వాయర్ నుంచి వచ్చే గొట్టం పంపుకు కలిసేచోట చిన్న ‘ఓ-రింగ్’ (గుండ్రటి రబ్బరు సీలు) ఉంటుంది. ఏళ్ల వేడికి అది గట్టిపడితే నూనె బయటికి కారకపోయినా గాలి లోపలికి దూరుతుంది. పాతదాన్ని గోటితో నొక్కి చూశాను, గాజుముక్కలా ఉంది. కొత్తది వేసి, నూనె మార్చి, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి గాలి పోగొట్టాక కూత ఆగిపోయింది. భోజనం ఖర్చంత కూడా కాలేదు. ఇందులో హోండా పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్ మాత్రమే పోయాలి. గేర్‌బాక్స్ ఆయిల్ పోస్తామంటే ఒప్పుకోవద్దు.

గేర్‌బాక్స్‌కూ అంతే, హోండా సొంత ఆయిలే పోయాలి. ఒకసారి డ్రెయిన్ చేస్తే లోపలి ఆయిల్‌లో సగం కూడా బయటికి రాదు. అందుకే మధ్యమధ్య కారు నడుపుతూ మూడు విడతలు మార్పించాను. గేర్లు పడేటప్పుడు వచ్చే చిన్న కుదుపు పోయింది. ఈ గేర్‌బాక్స్ పాడైతే బాగు చేయించే ఖర్చు కారు ధరతో పోటీ పడుతుంది, కాబట్టి ఆయిల్ దగ్గర పిసినారితనం వద్దు.

ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు బయటి కంపెనీలవి వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు. సీళ్లు, బుష్‌లు, ఇంజిన్ మౌంటింగ్‌లు మాత్రం ఎంత ఆలస్యమైనా ఒరిజినల్‌వే తెప్పిస్తాను. పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరాక ఫ్యూయల్ హోసులను సర్వీసుకొకసారి వేలితో తడిమి చూస్తున్నాను. ఇవి ఆ పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసిన కార్లు కావు. మైలేజీ నగరంలో ఎనిమిది దాటదు. అది తెలిసే కొన్నాను.

కొనేవారు ఇంజిన్ శబ్దం వినడానికి ముందే చూడవలసింది ఎయిర్‌బ్యాగ్. టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్ల (ఎయిర్‌బ్యాగ్‌ను గ్యాస్‌తో ఉబ్బించే భాగాల) లోపం వల్ల 2003–2006 అకార్డ్‌లను మన దేశంలోనూ 2019లో వెనక్కి పిలిచి ఉచితంగా మార్చారు. ఆ ఇన్‌ఫ్లేటర్‌లోని అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకూ చెడిపోతుంది. తర్వాత ప్రమాదం జరిగి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఇన్‌ఫ్లేటర్ పగిలి ఇనుప ముక్కలు మనిషి మీదికి ఎగరవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఏళ్లపాటు తిరిగిన కారైతే ఈ విషయం అసలే వదిలేయకూడదు. ఛాసిస్ నంబరు ఇస్తే మార్చారో లేదో కంపెనీవాళ్లు చెబుతారు. మార్చకపోతే అడ్వాన్స్ ఇచ్చేముందే అమ్మేవారితో ఆ పని చేయించండి.