స్కేల్ బార్‌ని నమ్మి దూరాలు కొలవకండి: ఒక వాల్ మ్యాప్ రివ్యూ

రేటింగ్ ఐదుకి మూడు. ఒక్క ప్రింటు వరకే అయితే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.

ఆరో తరగతి చదివే మా అమ్మాయి కోసం ఈ ప్రపంచ పటం తెప్పించాను. పటం వెడల్పు 90 సెంటీమీటర్లు, లామినేషన్ గట్టిగా ఉంది, స్కెచ్ పెన్నుతో గీసి తడిగుడ్డతో తుడిస్తే మరక మిగలడం లేదు, చిన్న చిన్న దీవుల పేర్లు కూడా కళ్లజోడు లేకుండా చదవగలిగాను. ఇక్కడిదాకా ఏ ఫిర్యాదూ లేదు.

గొడవంతా కింద మూలన ఉన్న స్కేల్ బార్‌తోనే. 1 సెంటీమీటరుకి 445 కిలోమీటర్లట. ఎక్కడ కొలిస్తే అంత, అనేది మాత్రం రాయలేదు. మా అమ్మాయి ఉత్సాహంగా స్కేలు పెట్టి ఓస్లో నుంచి హెల్సింకికి కొలిస్తే 3.55 సెంటీమీటర్లు వచ్చింది, అంటే సుమారు 1,580 కిలోమీటర్లు. "నాన్నా, నెట్‌లో 790 చిల్లరే ఉందేంటి?" అంది. కొలవడం రాలేదులే అనుకుని నేనే మళ్లీ కొలిచాను. అదే లెక్క!

అప్పుడు పటాన్ని సరిగ్గా చూశాను. రేఖాంశాలన్నీ నిలువుగా, ఒకదానికొకటి సమాన దూరంలో ఉన్నాయి. అక్షాంశాల మధ్య ఖాళీ మాత్రం పైకి వెళ్లేకొద్దీ పెరుగుతోంది: భూమధ్యరేఖ నుంచి 10 డిగ్రీల దాకా రెండున్నర సెంటీమీటర్లే, 60 నుంచి 70కి మాత్రం ఆరు. ఇది మెర్కేటర్ ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే పద్ధతుల్లో ఒకటి. ఆ పేరు పటం మీద గానీ డబ్బా మీద గానీ ఎక్కడా లేదు.

తేడా ఎక్కడొస్తుందంటే, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమి చుట్టుకొలత భూమధ్యరేఖ దగ్గర ఉన్నదాంట్లో సగమే. పటంలో రెంటికీ ఒకే 90 సెంటీమీటర్లు ఇచ్చేశారు కాబట్టి అక్కడ అడ్డంగా రెండింతలు సాగింది. ఆకారం పాడవకుండా నిలువుగా కూడా రెండింతలు సాగదీశారు, దాంతో విస్తీర్ణం నాలుగింతలైంది. 45 డిగ్రీల దగ్గర విస్తీర్ణం రెండింతలు. డబ్బా మీద "దేశాల సైజులు పోల్చి నేర్చుకోండి" అని వేసిన వాళ్లకి దండం పెట్టాలి, ఎందుకంటే గ్రీన్లాండ్‌కి ఆఫ్రికా 14 రెట్లు పెద్దది, ఈ పటంలో చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

పాపం మెర్కేటర్‌ని తిట్టాల్సిన పని లేదు. 1569లో ఆయన ఓడలు నడిపేవాళ్ల కోసం చేశాడు. దిక్సూచిలో ఒకే దిశ పట్టుకుని పోయే దారి ఆ పటంలో తిన్నని గీతగా వస్తుంది, కోణాలు చెడవు, వాళ్లకి కావాల్సిందదే. అయితే ఆ తిన్నని గీత దగ్గర దారి కాదు. న్యూయార్క్, మాడ్రిడ్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, ఆ అక్షాంశం వెంటే పోతే 5,950 కిలోమీటర్ల దాకా అవుతుంది, గ్లోబు మీద దారం లాగి చూస్తే ఉత్తరానికి వంగి 5,770 దగ్గర తేలుతుంది. ఈ పటం స్కేల్ బార్‌ని అడిగితే 7,800 అంటుంది!

అలాగని ఏ వంకా లేని పటం దొరుకుతుందా అంటే అదీ లేదు. బంతికి ముడత పడకుండా కాగితం చుట్టగలరేమో ప్రయత్నించండి. గుండ్రటి ఉపరితలాన్ని దూరాలు చెడకుండా చదును చేయడం కుదరదని గణిత శాస్త్రవేత్త గాస్ 19వ శతాబ్దంలోనే గణితంతో తేల్చేశాడు. గాల్-పీటర్స్ అనే ప్రొజెక్షన్‌లో విస్తీర్ణాలు సరిగ్గా ఉంటాయి, ఆకారాలు మాత్రం ఎవరో పట్టుకుని లాగినట్టుంటాయి. 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ విస్తీర్ణాలు కాపాడుతూనే చూడ్డానికి కాస్త నయం. పిల్లల గదికైతే నా ఓటు దానికే. దాంట్లో కూడా దూరాలు మాత్రం కొలవకండి.

ఇప్పటికే ఈ పటం కొనేసినవాళ్లకి ఒక ఉపాయం. స్కేల్ బార్‌ని వదిలేసి పక్క అంచు మీద ఉన్న అక్షాంశాల గీతలతో కొలవండి, సముద్ర పటాల మీద నావికులు చేసేదీ ఇదే. ఒక డిగ్రీ అక్షాంశం ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లు. మీరు కొలిచే చోటికి సరిగ్గా పక్కనే ఉన్న గీతలు తీసుకోవాలి, అంతే. ఓస్లో, హెల్సింకి 60 డిగ్రీల దగ్గర ఉన్నాయి కాబట్టి 55 నుంచి 65 వరకు కొలిచాం, 5.04 సెంటీమీటర్లు, అంటే 1,110 కిలోమీటర్లు. ఆ లెక్కన 3.55కి 780 పైచిలుకు వచ్చింది. మా అమ్మాయి ముఖం చూడాలి అప్పుడు. ఖండాలు దాటే పెద్ద దూరాలకి ఇది పనికిరాదు, వాటికి గ్లోబు, దారమే.

తయారు చేసినవాళ్లు చేయాల్సింది పెద్దదేం కాదు. ప్రొజెక్షన్ పేరు ఒక మూల వేయాలి, స్కేల్ బార్ ఒక్కటి కాకుండా 0, 30, 45, 60 డిగ్రీలకి విడివిడిగా ఇవ్వాలి. చాలా ఫోన్ మ్యాపులు వాడేది కూడా మెర్కేటర్ రకమే, కానీ వాటిని ఉత్తరానికి జరిపితే స్కేల్ బార్ దానంతట అదే మారుతుంది. గోడ మీది కాగితం మారదు కదా.

రిటర్న్ చేయలేదు. దేశాలు, రాజధానులు వెతుక్కోవడానికి నిజంగానే బాగుంది. స్కేల్ బార్ పక్కన మాత్రం అమ్మాయి స్కెచ్ పెన్నుతో "భూమధ్యరేఖ దగ్గర మాత్రమే" అని రాసిపెట్టింది, తుడవొద్దని నాకు ఆర్డరు.