రోజూ రాసే చేతికి ఏ రంగుల పెన్ను మేలు?

మా బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మ ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో అడిగింది. "సార్, మీ జేబులో ఎప్పుడూ ఆ నాలుగు రంగుల లావు పెన్నే కనిపిస్తుంది. నేనూ ఒకటి కొందామనుకుంటున్నా. ఏది తీసుకోమంటారు?"

ఒక్క మాటలో చెప్పలేకపోయాను. నేను లెక్కల మాస్టారిని. లెసన్ ప్లాన్ నీలంతో రాస్తాను, నోట్సులు ఎరుపుతో దిద్దుతాను. మా హెడ్‌మాస్టరు గారు గెజిటెడ్ అధికారి, ఆయన సంతకం ఆకుపచ్చలో ఉంటుంది కాబట్టి రిజిస్టర్లలో ఆ రంగు ముట్టుకోను. నా సొంత డైరీలో మాత్రం ఏ పిల్లవాడికి ఏ లెక్క మళ్లీ చెప్పాలో ఆకుపచ్చతోనే రాసుకుంటాను. ఎఫ్ఏ (బడిలో మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు) పేపర్లు దిద్దే వారంలో ఈ రంగులన్నీ గంటలో పదిసార్లు మారుతుంటాయి. అందుకే ఇన్నేళ్లలో ఈ పెన్నులు చాలానే వాడి చూశాను.

కొనేముందు ఒక పెన్ను మర విప్పి చూడటం మంచిది. లోపల సన్నటి రీఫిళ్లు నాలుగు, ఒక్కోదానికి ఒక చిన్న స్ప్రింగు. బటన్ కిందికి నొక్కితే రీఫిల్ దిగి గాడిలో కూర్చుంటుంది. ఇంకో బటన్ నొక్కడం మొదలుపెట్టగానే మొదటిది గాడి వదిలి టక్కున పైకి పోతుంది. రీఫిళ్లు నాలుగు వైపులా ఉన్నా బయటికొచ్చే రంధ్రం ఒక్కటే, అదీ మధ్యలో. ప్రతి రీఫిల్ పక్క నుంచి కాస్త వంగి దాంట్లోకి రావాలి. ఆ వంపు కోసం రంధ్రం కొంచెం వదులుగా పెడతారు. రాసేటప్పుడు పాయింట్ అటూ ఇటూ కదిలినట్టు అనిపించేది అందుకే. రీఫిల్ సన్నం కాబట్టి ఇంకు కూడా మామూలు పెన్ను కంటే తొందరగా అయిపోతుంది. ఏ కంపెనీదైనా ఈ రెండూ తప్పవు, ఎక్కువ తక్కువలే తేడా. అందుకే నేను ముందు మూడు సంగతులు చూస్తాను: పాయింట్ ఎంత కదులుతోంది, రీఫిల్ విడిగా దొరుకుతుందా, అన్నిటికంటే ముఖ్యంగా, రోజూ ఎక్కువగా రాసే ఆ ఒక్క రంగు ఎలా పారుతోంది.

ఈ లెక్కన చూస్తే తిరునాళ్లలో, ఫ్యాన్సీ షాపుల్లో దొరికే ఆరు రంగులు, పది రంగుల పెన్నులు రోజువారీ రాతకు పనికిరావు. పిల్లలు వాటిని ఎంత ఇష్టపడతారో నాకు తెలుసు, బొమ్మల గీతలకు బాగానే ఉంటాయి. కానీ పది రీఫిళ్లు ఇరికించాలంటే ఒక్కోటీ పుల్లంత సన్నం కావాలి, పెన్నేమో బొటనవేలంత లావు అవుతుంది. నా దగ్గర ఉన్న అలాంటి పేరులేని పెన్నులో నీలం నెల తిరక్కుండానే అయిపోయింది. మిగతా తొమ్మిది రంగులు నిండుగా ఉన్నా దాన్ని పక్కన పెట్టేయాల్సి వచ్చింది. దాని రీఫిల్ ఏ షాపులోనూ లేదు.

ఇక అసలు పోటీ రెండింటి మధ్యే అంటాను.

మొదటిది ఫ్రాన్స్ కంపెనీ బిక్ వాళ్ల నాలుగు రంగుల పెన్ను. 1970లో వచ్చింది, ఇప్పటికీ దాదాపు అదే రూపం. నలుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ. పెన్ను ఒంటికి పైన తెలుపు, కింద నీలం ఉన్నది 1.0 మిల్లీమీటర్ల పాయింట్, కింద నారింజ రంగు ఉన్నది సన్నం, 0.7. మొండి పెన్ను. బల్ల మీది నుంచి కిందపడినా, పిల్లలు ఊరికే టకటకలాడించినా తట్టుకుంటుంది. ఇంకు పాతకాలపు చిక్కటి నూనె ఇంకు. కొంచెం ఒత్తి రాయాలి. కార్బన్ పెట్టి రాసే రసీదు పుస్తకాలకు ఆ ఒత్తిడే కావాలి, అడుగు కాపీ కూడా చక్కగా పడుతుంది. నలుగురి చేతులు పడే కౌంటర్ దగ్గరకు, ఆఫీసు టేబుల్ మీదకు నేనైతే ఇదే చెబుతాను.

మన అక్షరాల దగ్గరికి వచ్చేసరికి దీనితో చిక్కు. 1.0 పాయింట్‌తో చిన్న గీతల నోటుబుక్కులో 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' రాసి చూడండి. కింద వత్తులు పూడుకుపోయి చుక్కల్లా కనిపిస్తాయి. నారింజ రకంతో ఇది చాలావరకు తీరుతుంది. రెండో చిక్కు నొప్పి. నలభై నోట్సులు దిద్దేసరికి బొటనవేలి మొదట్లో లాగడం మొదలవుతుంది. లావు పెన్ను, పైగా ఒత్తి రాత. చేతులు చిన్నవైనవాళ్లకు ఇది ఇంకా తొందరగా తెలుస్తుంది.

రెండోది జపాన్‌లోని మిత్సుబిషి పెన్సిల్ కంపెనీ యూని పేరుతో తెచ్చే జెట్‌స్ట్రీమ్. (కార్ల మిత్సుబిషికీ వీళ్లకూ సంబంధం లేదు.) 2006లో జపాన్ మార్కెట్లోకి వచ్చింది. ఇదీ నూనె ఇంకే, అంటే అచ్చంగా బాల్ పెన్నే. కానీ ఇంకు పలచన, దాంతో పాయింట్‌లోని గుండు సులువుగా తిరుగుతుంది. కాగితం మీద పెన్ను పెడితే చాలు, ఒత్తాల్సిన పని ఉండదు. నలుపు నిజంగా నల్లగా పడుతుంది, తొందరగా ఆరుతుంది. మా తొమ్మిదో తరగతిలో ఎడమచేత్తో రాసే అమ్మాయి ఒకతి ఉంది. జెల్ పెన్నుతో రాస్తే చెయ్యి వెనకే అక్షరాలన్నీ అలుక్కుపోయేవి. దీనితో ఆ బాధ పోయింది.

తెలుగు రాతకు ఈ పెన్ను ఎందుకు నప్పుతుందో నాకు దిద్దుతూ దిద్దుతూ అర్థమైంది. మన అక్షరాలు చాలావరకు గుండ్రాలు. 'ఋ' రాయాలన్నా 'ఝ' రాయాలన్నా పెన్ను ఆగకుండా తిరగాలి. చిక్కటి ఇంకు పెన్ను మలుపు దగ్గర ఒక్కోసారి తెల్లగా వదిలేస్తుంది, ఆ వెంటనే చిన్న గడ్డ కక్కుతుంది. పలచటి ఇంకులో ఆ అతుకులు బాగా తక్కువ. అయితే మొదటి వారం చేతిరాత జారుతుంది. పెన్ను మనకంటే ముందు పోతున్నట్టు ఉంటుంది, తలకట్లు పొడుగవుతాయి. అలవాటు పడటానికి కొన్నాళ్లు ఓపిక పట్టాలి.

వీటిలో సైజులు 0.38, 0.5, 0.7 ఉన్నాయి. 0.38 గరుకు కాగితం మీద గీరుకుంటుంది, మన బళ్లలో వాడే మామూలు నోటుబుక్కులకు వద్దు. వత్తులు విడివిడిగా కనిపించాలంటే 0.5, గబగబా దిద్దడానికి 0.7. లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లు నాలుగు రంగులతోపాటు 0.5 పెన్సిల్ కూడా ఉన్న రకం చూడాలి. క్లిప్‌నే కిందికి నొక్కితే పెన్సిల్ ముల్లు వస్తుంది, పైమూత తీస్తే చిన్న రబ్బరు ఉంటుంది. నేను త్రిభుజాలు గీసేది దానితోనే. బిక్‌లోనూ మూడు రంగులు, ఒక పెన్సిల్ ఉన్న రకం ఉంది. ధర మాత్రం జెట్‌స్ట్రీమ్‌కే ఎక్కువ, వందల్లో ఉంటుంది. మా ఊరి షాపుల్లో దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. రీఫిల్ పేరు ఎస్ఎక్స్ఆర్-80. పెన్నుతోపాటే రెండు మూడు తెప్పించుకుంటే టెన్షన్ ఉండదు.

జెల్ ఇంకులోనూ నాలుగు రంగులవి ఉన్నాయి, జీబ్రా సరాసా లాంటివి. రంగులు కళకళలాడతాయి. పలచటి కాగితంలో వెనక్కి దిగడం, ఇంకు ఇట్టే అయిపోవడం వాటి లోటు.

పైలట్ ఫ్రిక్షన్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. రుద్దితే చెరిగిపోయే ఇంకు, మూడు రంగుల పెన్నుగానూ దొరుకుతుంది. రుద్దినప్పుడు పుట్టే వేడికి రంగు పోతుంది, సుమారు 60 డిగ్రీలకు మాయమవుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద ఆ వేడి సులువుగా వస్తుంది. ల్యామినేషన్ చేయించినా అంతే. మైనస్ 20 డిగ్రీల దాకా చల్లబరిస్తే గీత మళ్లీ తేలుతుందనుకోండి, కానీ మార్కుల రిజిస్టరును ఫ్రీజర్‌లో పెట్టుకుంటామా? చిత్తు ప్లానుకు సరే. మార్కులకు, సంతకాలకు, చెక్కులకు, పరీక్షలకు దాన్ని అస్సలు వాడకండి.

"ఇదంతా ఎందుకు, విడిగా మూడు పెన్నులు పెట్టుకుంటే పోదా?" అని మా సోషల్ మాస్టారు అంటారు. ఆయన మాట కొట్టిపారేయలేను. విడి పెన్నుకు ఇంకు ఎక్కువ, పాయింట్ కదలదు, ఖర్చు తక్కువ. కూర్చున్నచోటే రాసేవాళ్లకు అదే మేలు. పరీక్ష రాసే పిల్లలకూ అంతే. జవాబులకు నీలం లేదా నలుపే వాడమంటారు కాబట్టి మంచి పెన్నులు రెండు చాలు, ఎరుపు బటన్ పొరపాటున నొక్కుకుంటామన్న భయం ఉండదు. నాకు కుదరంది తరగతిలో. బెంచీల మధ్య తిరుగుతూ ఒక చేత్తో నోటుబుక్కు పట్టుకుని, రెండో చేత్తో టిక్కు పెట్టి, అక్కడే నీలంతో సరైన లెక్క వేసి చూపించాలి. అప్పుడు మూతలు తీసి పెట్టే తీరిక ఎక్కడుంటుంది?

టీచరమ్మకు నా పెన్నులు రెండూ ఇచ్చి, ఒక్కోదానితో ఒక్కో తరగతి నోట్సులు దిద్దమన్నాను. ఆమె అక్షరం చిన్నది, వేళ్లూ సన్నం. సాయంత్రం రెండూ తిరిగిచ్చి జెట్‌స్ట్రీమ్‌లో మూడు రంగుల 0.5 తెప్పించుకుంటానంది. ఆకుపచ్చ ఆమెకు అక్కర్లేదు, పైగా మూడు రంగులది ఇంకొంచెం సన్నగా ఉంటుంది. నీలం రీఫిళ్లు రెండు అదనంగా పెట్టమన్నాను. నాకూ ఒక ఎరుపు అందులోనే కలిపి ఆర్డర్ చేసింది.