మోకాలికి వేడి కాపడమా, ఐసా?

మా ఇంట్లో ఏ నొప్పికైనా ఒకటే మందు: పెనం మీద వేయించిన ఉప్పు మూట. అరవై దాటాక పొద్దున్నే పట్టేసే మోకాళ్లకు అది నిజంగానే హాయి. వేడికి రక్తప్రసరణ పెరిగి, బిగిసిన కండరాలు వదులవుతాయి. పావుగంట కాపుకుని నడకకు బయల్దేరితే మొదటి పది అడుగులూ అంత కష్టమనిపించవు.

అదే మెట్టు తప్పి చీలమండ బెణికిందనుకోండి, ఆ మూట వాపును ఇంకా పెంచుతుంది. మొదటి 48 గంటలూ ఐసే మేలు. గుడ్డలో చుట్టి, 15–20 నిమిషాలు పెట్టాలి. నేరుగా చర్మానికి ఆనించకూడదు. ‘చల్లదనం వాతం చేస్తుందిరా’ అంటుంది అమ్మ, ఇప్పటికీ ఒప్పించలేకపోయాను.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు రెండింటితోనూ జాగ్రత్తగా ఉండాలి, చర్మం కాలినా తెలియదు. కీలు ఎర్రగా వాచి జ్వరం కూడా వస్తే మూటా వద్దు, ఐసూ వద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి.