చిన్న ఆర్కిడ్‌తో రెండేళ్లు: నాకు అన్నిటికన్నా నచ్చింది దాని వేర్లు

పొద్దున స్టవ్ మీద టీ మరిగేలోపు కిటికీ దగ్గరికి వెళ్లి కుండీని చేతిలోకి తీసుకుంటాను. పారదర్శకమైన కుండీ గోడలోంచి కనిపించే వేర్లు వెండి రంగులోకి తిరిగి ఉంటే ఆ రోజు నీళ్లు పట్టాలి. ఇంకా పచ్చగా ఉంటే ఎక్కడిది అక్కడ పెట్టేసి వస్తాను. ఈ మొక్కకు నీళ్లు పోసి ఎన్ని రోజులైందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. మా ఇంట్లో మల్లె, మందారం, కరివేపాకు అన్నీ ఉన్నాయి. దాహం వేసిన సంగతి ఇంత స్పష్టంగా చూపించే మొక్క మాత్రం ఇదొక్కటే.

2023 జనవరి చివర్లో హైదరాబాద్‌లో మొక్కలు అమ్మే ఒకాయన దగ్గర 450 రూపాయలకు కొన్నాను. ఫాలెనాప్సిస్ అనే ఆర్కిడ్‌లో చిన్న రకం. జానెడు ఎత్తు, నాలుగు ఆకులు, తొమ్మిది లేత ఊదా పూలు. బస్సులో నల్గొండ దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను, ఒక్క పువ్వూ రాలలేదు. మట్టిలో నాటకూడదని, నేరుగా ఎండ తగలకూడదని, ఆకుల నడుమ నీళ్లు నిలవకూడదని ఆర్కిడ్ పెంచేవాళ్లందరికీ తెలుసు, అవన్నీ మళ్లీ రాయను. మార్చి ఆఖరు దాకా పూలు నిలిచాయి. అది చూసి, ఇంత సులువైన మొక్క ఇంకొకటి లేదని మా వదినకూ పక్కింటి పిన్నికీ గట్టిగా చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఆ రెండు నెలలూ అది పుట్టిపెరిగిన తోటలో కూడబెట్టుకున్న బలంతో బతికింది, నా పోషణతో కాదు.

ఏప్రిల్ సగానికి వచ్చేసరికి ఆకులు మెత్తబడ్డాయి. తాకితే వాడిన తమలపాకులా ఉండేవి, నిలువునా సన్నటి ముడతలు. బయట ఎండలు మండుతున్నాయి, మొక్కకు నీళ్లు చాలడం లేదనుకున్నాను. కుండీలో మట్టికి బదులు ఉండే బెరడు ముక్కలను పైన వేలితో తాకి చూస్తే పొడిగానే ఉన్నాయి. వారానికి ఒకసారి పోసే నీళ్లను మూడుసార్లు చేశాను. పోసిన కొద్దీ ఆకులు ఇంకా వాలిపోయాయి. జూన్ మొదటి వారంలో అడుగు ఆకు మొదట్లో పసుపు తిరిగి, నేను దుమ్ము తుడుస్తుండగానే ఊడి చేతిలోకి వచ్చింది. ఆ రోజే మొక్కను కుండీలోంచి బయటికి తీశాను.

చుట్టూ ఉన్న బెరడు దులిపితే నడిమధ్యన, సరిగ్గా మొక్క మొదలు కింద, నిమ్మకాయంత ఉండ ఒకటి బయటపడింది. నీళ్లను బాగా పట్టి ఉంచే స్ఫాగ్నం అనే నాచును గట్టిగా కుక్కి, పలచటి వలలో బిగించినది. మొక్క పసిగా ఉన్నప్పుడు పెట్టింది అలాగే ఉండిపోయింది, దాని చుట్టూ బెరడు నింపి అమ్మేశారు. తోటలో దానితో పని ఉంటుంది, కాదనను. నారుమొక్క కదలకుండా నిలుస్తుంది, దూర ప్రయాణంలో తేమ ఆగుతుంది. ఇంటికి తెచ్చాక దాన్ని తీసెయ్యాలని మాత్రం అమ్మినాయన ఒక్క మాట చెప్పలేదు. పైన బెరడు రెండు రోజుల్లో ఆరిపోతుంది, లోపలి ఉండ రెండు వారాలైనా ఆరదు. నేను పైపొడి చూసి నీళ్లు పోస్తూ వచ్చాను. ఆ ఉండను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే నీళ్లు బొటబొటా కారాయి, నానిన గోనెసంచి వాసన వచ్చింది. అందులో చిక్కుకున్న వేరును పట్టుకుంటే పై తొక్క జారి చేతిలోకి వచ్చేసింది, లోపల దారంలాంటి నార ఒకటే మిగిలింది. పదకొండు వేర్లకు నాలుగు దక్కాయి. మొక్కకు దాహం వేసిన మాట నిజమే, తాగడానికి వేర్లు లేవు. ఆ ఉండ మీద నాకు ఇప్పటికీ కోపమే. కొత్తగా ఆర్కిడ్ కొన్నవాళ్లు పూలు రాలగానే మొక్క మొదట్లోకి ఒక పుల్ల గుచ్చి చూడండి. లోపల మెత్తగా, తడిగా తగిలితే ఆలస్యం చేయకండి.

కత్తెరను మంట మీద కాల్చి, చల్లారాక కుళ్లిన వేర్లన్నీ కోశాను. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాను. మంచి వేర్లకు అది తగిలితే వాటినీ ఎండబెట్టేస్తుంది. రాత్రంతా పాత పేపరు మీద ఆరనిచ్చాను. కొత్తగా నింపడానికి పైన్ బెరడు తెప్పించాను, మా వీధి ఇస్త్రీ బండి ఆయన గుప్పెడు కట్టెబొగ్గులు ఇచ్చాడు. వాటిని ఉసిరికాయంత ముక్కలుగా కొట్టి, నల్లనీళ్లు పోయేదాకా కడిగి బెరడులో కలిపాను. కుండీగా పెట్టింది మిఠాయి దుకాణంలో రసగుల్లాలు వేసి ఇచ్చిన తెల్లటి పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా. మేకు ఎర్రగా కాల్చి అడుగున తొమ్మిది, పక్కల పన్నెండు బెజ్జాలు చేశాను. నాలుగు వేర్లతో మొక్క నిలబడదు, రెండు చీపురుపుల్లలు గుచ్చి దారంతో కట్టాను. మూడు రోజులు నీళ్ల మాటే తలపెట్టలేదు.

ఆ డబ్బా నాకు ఇంత మేలు చేస్తుందని అప్పుడు తెలియదు. చేతికి దొరికింది కాబట్టి వాడానంతే. ఆగస్టులో మొదటి కొత్త వేరు బెరడు సందుల్లోంచి వచ్చి డబ్బా గోడకు ఆనుకుంది, కొస పెసరమొలకలా నిగనిగలాడుతూ. అప్పటి నుంచి రోజూ చూడటం అలవాటైంది. ఈ వేర్ల చుట్టూ స్పాంజిలాంటి పొర ఉంటుంది, దాన్ని వెలామెన్ అంటారు. ఈ జాతి మొక్కలు అడవిలో చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతాయి, వాన పడిన కాసేపటిలోనే నీళ్లు పీల్చుకోవాలి. మన నల్లమలలో చెట్ల మీద పెరిగే వాండా అనే ఆర్కిడ్ వేర్లకూ ఇదే పొర ఉంటుంది. ఎండినప్పుడు ఆ పొరలో గాలి నిండి వెండిలా కనిపిస్తుంది. తడవగానే లోపలి పచ్చదనం బయటపడుతుంది. డబ్బాను నీళ్ల గిన్నెలో పెడితే తడి ఎంత మేర ఎక్కితే అంత మేర రంగు మారుతూ పోతుంది. బూడిదరంగు వేరు నిమిషంలోపే పచ్చబడటం ఇన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు. పది నిమిషాలు ఉంచి, వాడ్చి, మళ్లీ కిటికీలో పెడతాను. ఎండాకాలంలో మూడు రోజులకే వెండిరంగు తిరుగుతాయి, వానాకాలంలో పది రోజులు పట్టిన సందర్భాలూ ఉన్నాయి. ‘వారానికి ఒక గ్లాసు’ అన్న లెక్క మా ఊళ్లో ఏ కాలానికీ సరిపోలేదు.

బొగ్గుల గురించి కూడా ఒక మాట సరిదిద్దుకోవాలి. వాసన రానివ్వవని, వేర్లకు గాలి ఆడుతుందని మొదట్లో అడిగిన ప్రతి ఒక్కరికీ సిఫారసు చేశాను. ఆ డిసెంబరులో కొత్త వేర్ల కొసలు గోధుమరంగు తిరిగి పెరగడం ఆగిపోయాయి. డబ్బాలోంచి చూస్తే బొగ్గు ముక్కల మీద తెల్లటి పొర, గోటితో గీరితే సున్నంలా రాలింది. అప్పటిదాకా నేను పోస్తున్నది మా బోరు నీళ్లు. నల్గొండ వాళ్లకు బోరు నీళ్ల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్‌కు వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగినవాళ్లం. తాగడానికి ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, మొక్కలకు మాత్రం బోరు నీళ్లే పోస్తుంటాం. మట్టిలో ఉన్న మందారం ఆ నీళ్లను ఎలాగో తట్టుకుంటుంది. బెరడులో ఉన్న వేర్లకు మట్టి అడ్డు లేదు. నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలోని లవణాలు ఉండిపోతాయి, బొగ్గు వాటిని మరింత పట్టి ఉంచుతుంది. అప్పటి నుంచి వానాకాలమంతా మేడ మీద బకెట్లు పెట్టి పట్టిన వాననీళ్లు, మిగతా రోజుల్లో తాగడానికి తెచ్చే ఆర్‌ఓ క్యాన్ నీళ్లు పోస్తున్నాను. నెలకోసారి ఎరువేమీ కలపని నీళ్లు ధారగా పోసి కడుగుతాను. రెండు నెలల్లో కొసలు మళ్లీ పచ్చబడ్డాయి. ఎరువు 19-19-19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది, లీటరుకు అర గ్రాము, రెండు వారాలకు ఒకసారి. అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ వేయలేదు.

ఎండాకాలం నన్ను బాగా భయపెట్టింది. నల్గొండలో మే నెలలో 44 డిగ్రీలు కొత్త కాదు, ఈ మొక్కకు 35 దాటితేనే కష్టం. ఏసీ గదిలో పెడితే బతుకుతుందనుకుని 2024లో వారం రోజులు అక్కడే ఉంచాను. చల్లగానే ఉంది, గాలిలో తేమ లేక వేర్లు ఒక్క రోజులోనే తెల్లబడ్డాయి. తరువాత కూలర్ ఉన్న హాల్లోకి మార్చాను, నేరుగా గాలి కొట్టకుండా పక్కకు. తడి ఉన్న గాలి, అది కూడా ఆగకుండా కదిలే గాలి. మొక్కకు కావలసినవి రెండూ మా పాత కూలర్ ఇచ్చింది. మే నెలాఖరుకు కొత్త ఆకు ఒకటి తలెత్తింది, మేలో నేను దాని నుంచి ఎదుగుదల ఆశించనే లేదు.

పూల సంగతి. వేడి 28 డిగ్రీలకు పైన ఉన్నంత కాలం ఈ రకం పూలకాడ వేయదు, కొన్ని వారాలు చల్లదనం తగలాలి. మాకు ఆ చల్లదనం దొరికేది డిసెంబరు, జనవరిలోనే. మొన్నటి డిసెంబరులో రాత్రిళ్లు కిటికీ తెరిచే ఉంచాను. నెలాఖరుకు ఆకు మొదట్లో ఒక పచ్చటి మొన కనిపించింది. మొదట వేరనుకున్నాను. వేరు కొస గుండ్రంగా ఉంటుంది, ఇది ముడిచిన పిడికిలిలా, బొటనవేలు పక్కకు ఒత్తినట్టు ఉంది. ఫిబ్రవరి చివర అయిదు పూలు విచ్చుకున్నాయి. కొన్నప్పుడు తొమ్మిది ఉండేవి, ఇప్పుడు అయిదు, పరిమాణం కూడా కాస్త తగ్గింది. నాలుగు వేర్ల మీద నుంచి ఇంత దూరం వచ్చిన మొక్క అని తెలిసిన నాకు ఆ అయిదూ నిండుగానే కనిపించాయి.

కొనమంటారా అని అడిగితే ఒకే మాటలో చెప్పలేను. నేను పగలంతా ఇంట్లో ఉంటాను, మా కిటికీ ఈశాన్యానికి ఉంది, పొద్దుటి లేత వెలుగు ఎనిమిదిన్నర దాకా పడుతుంది, నీళ్ల క్యాన్ ఎలాగూ వస్తుంది. మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేసే మా చెల్లెలు నన్ను చూసి ఇదే రకం కొంది. నాచు ఉండ తీయించాను, డబ్బా కూడా నేనే బెజ్జాలు పెట్టి పంపాను. తను పొద్దున తొమ్మిదికి తలుపులు మూసి వెళ్తే రాత్రి ఏడుకు వస్తుంది. పై అంతస్తు, పడమటి కిటికీ. మొక్క మొదటి మే దాటలేదు. తను చేసిన తప్పేమీ లేదు. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు ఎండాకాలం పోయాక, జూలైలో కొంటే మొదటి ఎండలు వచ్చేలోపు వేర్లు కుదురుకోవడానికి ఎనిమిది నెలలైనా దొరుకుతాయి.

ఇప్పుడు మార్చి. మూడు పూలు మిగిలాయి. రసగుల్లా డబ్బా ఎండకు పసుపు తిరిగింది, బెరడు వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతోంది, అంటే మళ్లీ మార్చే సమయం వచ్చింది. పూలు రాలేదాకా కదపను. అలాంటిదే కాస్త పెద్ద డబ్బా ఒకటి కడిగి బెజ్జాలు పెట్టి సిద్ధంగా ఉంచాను, కొత్త బెరడు నానబెట్టాలి. ఈసారి బొగ్గులు కలపను.