మూడు రాత్రుల దుబాయ్: అమ్మతో ఏ మాల్‌కి వెళ్లాలి?

దుబాయ్‌కి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ మూడేసి రాత్రులే. మొదటిసారి అందరూ చెప్పినట్టే దుబాయ్ మాల్, మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ చూసి, కాళ్లు పీకుతుంటే తిరిగొచ్చాను. మొన్న అమ్మను తీసుకెళ్లాను. ఆమెకి మోకాళ్ల నొప్పులు. అందుకే ఈసారి ప్రతి చోటునీ ఒకే లెక్కతో చూశాను: ఎంత నడవాలి, నడిచినందుకు ఏం దక్కుతుంది?

తమ్ముడు కరామాలో ఉంటాడు. వాడి గదిలో నలుగురుంటారు కాబట్టి మేం పక్కనే ఉన్న మన్‌ఖూల్‌లో హోటల్ తీసుకున్నాం. బుర్జుమాన్ స్టేషన్ దగ్గరే, ఎరుపు, ఆకుపచ్చ మెట్రో లైన్లు రెండూ అక్కడ కలుస్తాయి. ఇడ్లీ, పెరుగన్నం దొరికే హోటళ్లకి కొదవ లేదు. గది శుభ్రంగా ఉంది. కానీ రాత్రికి ఇంత అని పర్యాటక రుసుము విడిగా కట్టాలన్న సంగతి బుకింగ్ అప్పుడు ఎవరూ చెప్పలేదు, కౌంటర్ దగ్గర తెలిసింది. మీరు ముందే అడగండి.

మాకు బాగా నచ్చింది ఇబ్న్ బతూతా మాల్. 1325లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, మొరాకోలోని టాంజియర్ నుంచి హజ్‌కని బయలుదేరి ఏళ్ల తరబడి దేశాలు తిరిగిన యాత్రికుడి పేరు అది. మాల్‌లో ఆరు భాగాలు: అండలూసియా (ఒకప్పుడు ముస్లింలు ఏలిన స్పెయిన్), ట్యునీషియా, ఈజిప్టు, పర్షియా, ఇండియా, చైనా. దాదాపు అంతా ఒకే అంతస్తులో పొడవుగా సాగుతుంది కాబట్టి మెట్లెక్కే బాధ లేదు. సమాచారం కౌంటర్‌లో అడిగితే చక్రాల కుర్చీ ఇచ్చారు. ముందు అండలూసియా చివరకి వెళ్లి అక్కణ్ణుంచి నడక మొదలుపెట్టండి, వరస అర్థమవుతుంది.

అండలూసియాలో పైన రెక్కలు కట్టుకుని ఎగురుతున్న మనిషి బొమ్మ వేలాడుతుంది. తొమ్మిదో శతాబ్దంలో ఎగరాలని ప్రయత్నించిన అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ ఆయన. ట్యునీషియాలో పైకప్పు మీద ఆకాశం గీశారు. పర్షియా గుమ్మటం కింద కాఫీ తాగుతూ అరగంట కూర్చున్నాం. ఆ రంగుల పనితనం కోసం ఎంతసేపైనా కూర్చోవచ్చు.

ఇండియా భాగంలో ఏనుగు గడియారం ఉంది. 1206 నాటి తన గ్రంథంలో అల్ జజరీ వర్ణించిన యంత్రానికి నమూనా. ఏనుగు మన దేశానికి, డ్రాగన్లు చైనాకి గుర్తు. ఏనుగు కడుపులోని నీళ్లలో గిన్నె మెల్లగా మునిగితే, అరగంటకోసారి పైనున్న బొమ్మలు కదిలేవట. ఇదంతా తమ్ముడు చదివి చెబుతుంటే అమ్మ, "దుకాణాలు చూద్దామని తీస్కొచ్చి దేశాలన్నీ తిప్పుతున్నవ్ కదరా" అంది. ఆరేళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్నా వాడూ ఈ మాల్ లోపలికి రావడం అదే మొదటిసారి.

ఒక్క సంగతి అక్కడే గుర్తొచ్చింది. ఇబ్న్ బతూతాకి ఢిల్లీలో ఖాజీ (న్యాయాధికారి) పదవి ఇచ్చిన ముహమ్మద్ బిన్ తుగ్లక్, 1323లో ఓరుగల్లును పట్టుకున్న ఉలుగ్ ఖానే. మన కథ కూడా ఆ దారిలో ఎక్కడో తగులుతుందని తెలిశాక ఆ గోడలు కొంచెం దగ్గరయ్యాయి.

మర్నాడు వాఫీ మాల్. బుర్జుమాన్ నుంచి ఆకుపచ్చ లైన్‌లో రెండో స్టేషన్ హెల్త్‌కేర్ సిటీలో దిగాలి. ఈజిప్టు పిరమిడ్ల రూపం బయట బాగానే ఉంది, అయితే అసలు చూడాల్సింది నేల కింద ఉన్న ఖాన్ ముర్జాన్ బజారు. పద్నాలుగో శతాబ్దపు బాగ్దాద్ కట్టడం దానికి ఆధారం. చెక్క నగిషీలు, రంగుటద్దాల కప్పు, చాలా తక్కువ రద్దీ. ధరలు మాత్రం మనకి అందవు. చూడ్డానికి వెళ్లండి, కొనడానికి బర్ దుబాయ్‌లోని మీనాబజార్ ఉంది.

జుమేరాలోని మెర్కాటో మాల్ ఇటలీ వీధుల నమూనా. చిన్నది, మెట్రో లేదు, టాక్సీ ఖర్చుకి తగినంత చూడ్డానికి లేదు. మూడు రాత్రుల యాత్రలో వదిలేయండి. దుబాయ్ మాల్‌లో కోటి లీటర్ల చేపల తొట్టిని బయటి నుంచి ఉచితంగానే చూడవచ్చు. అయితే మెట్రో నుంచి మాల్‌కే సుమారు 800 మీటర్ల నడవా. మధ్యలో కదిలే బాటలున్నా అమ్మకి కష్టమని ఈసారి మానేశాం.

మెట్రోలో టికెట్‌గా వాడే సిల్వర్ నోల్ కార్డు 25 దిర్హాములు, అందులో 19 ప్రయాణానికి మిగులుతాయి. దూరాన్ని బట్టి 3, 5, 7.5 దిర్హాములు పడుతుంది. ఆడవాళ్లకి, పిల్లలకి విడిగా పెట్టె ఉంది. లోపల తింటే, తాగితే జరిమానా 100 దిర్హాములు. అమ్మ మాత్ర వేసుకుందామని సీసా తీయబోతే తమ్ముడు ఆపాడు.

చివరి రోజు సాయంత్రం మనిషికి ఒక దిర్హాము చొప్పున ఇచ్చి అబ్రా అనే చెక్క పడవ ఎక్కి, ఊరి మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ క్రీక్‌ని దాటాం. "అక్కా, మళ్లొచ్చినప్పుడు డ్రాగన్ మార్ట్‌కి పోదాం" అన్నాడు వాడు. చైనా సరుకులమ్మే ఆ మాల్ కిలోమీటరుకు పైగా పొడవు, మెట్రో దగ్గర్లో లేదు. అమ్మ ఒప్పుకుంది, మళ్లీ చక్రాల కుర్చీ దొరికితేనే అని షరతు పెట్టి.