‘ఫుల్ సర్వీస్ చేయించాను’ అన్న మాట నమ్మి ఆ బండి మీద గుట్టలు దిగకండి

ఇప్పుడే మెకానిక్ దగ్గర నుంచి వచ్చాను. కుడి భుజం పైకి లేవట్లేదు, ఒక చేత్తోనే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి. సెకండ్‌హ్యాండ్ మౌంటెన్ బైకులు అమ్మే ఆ మనిషి మీలో చాలామందికి తెలుసు. ప్రతి యాడ్ కింద ‘ఫుల్ సర్వీస్డ్, ఎక్కి తొక్కడమే’ అని రాస్తాడు, మెసేజ్ పెట్టిన నిమిషంలోనే జవాబిస్తాడు. పేరు రాయను, ఎవరి గురించో మీకే అర్థమవుతుంది.

బండి హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండేది), 29 అంగుళాల చక్రాలు, ఫ్రేమ్ మీద పగుళ్ళేమీ లేవు, గేర్లు చక్కగా పడుతున్నాయి. బేరం కుదరకముందే నేను ఏ లూప్ తొక్కబోతున్నానో అతనికి చెప్పాను. ముందు సగం అంతా ఎక్కుడు, పైన గుట్టల అంచు వెంబడి చెట్ల వేళ్ళూ రాళ్ళూ ఉన్న సన్నటి బాట, ఆ తర్వాత హెయిర్‌పిన్ మలుపులతో, గులకరాళ్ళతో నిలువుగా దిగే దారి. బ్రేకుల గురించే ప్రత్యేకంగా అడిగాను. ‘దానికి పర్ఫెక్ట్ బండి అన్నా ఇది, కొత్త ఫ్లూయిడ్ పోయించి రెండు బ్రేకులూ బ్లీడ్ చేయించా, కళ్ళు మూసుకుని దిగొచ్చు’ అన్నాడు. బ్లీడ్ చేయడమంటే బ్రేక్ గొట్టంలో గాలి తీసేసి ఫ్లూయిడ్ నింపడం. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. చదును రోడ్డు మీద తొక్కి చూశాను, గట్టిగా బ్రేక్ వేసి చూశాను, లివర్లు టైట్‌గా ఉన్నాయి, చక్రం వెంటనే ఆగింది.

లూప్‌లో ఎక్కుడు మొదలైన కాసేపటికి ముందు డిస్క్ రాసుకుంటున్న చప్పుడు వచ్చింది. దిగి చక్రం ఎత్తి తిప్పితే ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగకుండా ఆగిపోతోంది. క్యాలిపర్, అంటే ప్యాడ్లతో డిస్క్‌ని రెండు వైపులా పట్టే భాగం, పక్కకి జరిగిందేమో అని బోల్టులు వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకుని మళ్ళీ బిగించాను. మామూలుగా అయితే దాంతో సరిపోతుంది. చప్పుడు కాస్త తగ్గింది, గుట్ట అంచు మీద బాటంతా బాగానే గడిచింది.

దిగుడులో మొదటి రెండు మలుపులు బాగానే తిరిగాను. మూడో మలుపు దగ్గర ముందు బ్రేక్ లివర్ నొక్కితే, ఏ అడ్డూ లేకుండా, నేరుగా హ్యాండిల్‌బార్ గ్రిప్‌కి వచ్చి తగిలింది. వదిలి మళ్ళీ నొక్కాను, అదే. వేలికి ఏమీ తగలట్లేదు. ఆ వాలులో వెనక బ్రేక్ ఒక్కటే వేస్తే గులక మీద చక్రం జారుతుంది తప్ప బండి ఆగదు, ఎందుకంటే దిగుతున్నప్పుడు బరువంతా ముందుకే వస్తుంది, ఆపే పని చాలావరకు ముందు చక్రమే చేయాలి. మలుపుకి బయటి వైపు లోయ. లోపలి వైపు మట్టిగట్టు. బండిని గట్టుకేసి కొట్టాను. భుజం మీద పడ్డాను. లోయ వైపు వెళ్ళి ఉంటే ఈ పోస్టు రాసేవాడిని కాదు.

దిగుడులో బ్రేకులు మోసే భారం ఎంతో ఒక్క లెక్క చెప్తాను. మనిషీ బండీ కలిపి 90 కిలోలనుకుని, 300 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 265 కిలోజౌళ్ళ శక్తి. అంటే ముప్పావు లీటరు చల్లటి నీళ్ళని మరిగించేంత వేడి. గాలికీ టైర్ల రాపిడికీ కొంత పోగా, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం 1.8 మిల్లీమీటర్ల మందం ఉండే రెండు పల్చటి డిస్కుల్లోకే పోవాలి. చదును రోడ్డు మీద టెస్ట్ రైడ్‌లో ఇది ఎప్పటికీ బయటపడదు. అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

మెకానిక్ బ్రేక్ విప్పగానే మొహం మారిపోయింది. నావి మినరల్ ఆయిల్ బ్రేకులు, అంటే లివర్ నొక్కితే గొట్టంలోని ఆ నూనె ఒత్తిడితో పనిచేసేవి. లివర్ దగ్గర రిజర్వాయర్ మూత మీదే మినరల్ ఆయిల్ మాత్రమే వాడాలని రాసి ఉంది. ఆయన లోపలి ఫ్లూయిడ్ సిరంజితో తీసి, గాజు గ్లాసులో నీళ్ళు పోసి అందులో కొన్ని చుక్కలు వేశాడు. మినరల్ ఆయిల్ అయితే నీళ్ళ మీద తేలాలి. ఇది చుక్కలు చుక్కలుగా కిందికి దిగి, కలిపితే నీళ్ళలో పూర్తిగా కలిసిపోయింది. డాట్ ఫ్లూయిడ్. కార్లకీ మోటార్‌సైకిళ్ళకీ పోసేది, సైకిళ్ళలో కూడా కొన్ని కంపెనీల బ్రేకులకి వాడేది. దాంట్లో చెడ్డేమీ లేదు, అందులో ఒక రకమైన డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు 260 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణమే ఉంది. కానీ మినరల్ ఆయిల్ కోసం చేసిన రబ్బరు సీళ్ళకి అది విషం. సీళ్ళు ఉబ్బుతాయి, మెత్తబడతాయి. ఒక్క రోజులో కాదు, మెల్లగా. అందుకే కొన్నప్పుడు లివర్ టైట్‌గా ఉంది. క్యాలిపర్‌లో సీళ్ళు ఉబ్బి, ప్యాడ్లని తోసే పిస్టన్లు వెనక్కి పోలేదు, ప్యాడ్లు డిస్క్‌ని రాస్తూనే ఉన్నాయి, ఎక్కుడులో విన్న చప్పుడు అదే. లివర్ లోపలి సీలు బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. అంచు తడితే జిగురుగా వేలికి అంటుకుంటోంది, ఒక పక్క చిరిగి ఉంది. ఇక అది ప్రెషర్ ఏం పడుతుంది?

అసలు కడుపు మండే సంగతి ఇంకా చెప్పలేదు. ముందు ఫోర్క్ కాలు మీద, సరిగ్గా క్యాలిపర్ పైన, ఒక స్టిక్కర్ ఉంది. మెకానిక్ గోటితో దాన్ని లేపాడు. కింద పెయింట్ పొక్కులు పొక్కులుగా లేచి, కొంత ఊడి, అడుగున లోహం కనిపిస్తోంది. డాట్ ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే తినేస్తుంది. మినరల్ ఆయిల్ అలా చేయదు. అంటే అది కారింది, పెయింట్ తినేసింది, ఎవరో చూశారు, తుడిచి పైన స్టిక్కర్ వేశారు.

ఫొటోలు పంపి ఫోన్ చేశాను. ముందు ఎప్పటిలాగే ‘అన్నా, బ్రేకులు పట్టుకునే దిగితే ఏ బండైనా అంతే అన్నా’ అన్నాడు. ఏ ఫ్లూయిడ్ పోశావు అని అడిగితే ‘షాపులో ఏది ఉంటే అదే పోశారు’ అన్నాడు. అప్పుడు స్టిక్కర్ సంగతి ఎత్తాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతు మారిపోయింది, అన్నా పోయి అండీ వచ్చింది. ‘పెయింట్ పోయిందనే కదండీ స్టిక్కర్ వేసింది. లీక్ అయిందని తెలిసే రేటు తగ్గించాను. ఆ రేటుకి ఇంకేం వస్తుందనుకున్నారు మీరు?’

రేటు తగ్గించినప్పుడు నాతో అన్నమాట ‘చిన్న చిన్న గీతలున్నాయి, అందుకే’ అని. గీతలు! బ్రేక్ ఫ్లూయిడ్ లీకైన బండిని, ఏ దిగుడు మీద తొక్కబోతున్నానో నా నోటితోనే విని, కళ్ళు మూసుకుని దిగొచ్చు అని చెప్పి పంపాడు. భుజం దెబ్బ గురించి చెప్తే ‘మౌంటెన్ బైకింగ్ అంటేనే పడటం కదండీ’ అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత నంబర్ బ్లాక్, యాడ్ మాయం. డబ్బు సంగతి తర్వాత చూసుకుంటాను. ఆ ఒక్క వాక్యం మాత్రం చెవిలో నుంచి పోవట్లేదు. తెలిసే రేటు తగ్గించాడట. ఆ రేటు తేడా నా ప్రాణం ఖరీదన్నమాట, ఆ బేరం నాకు తెలియకుండానే అయిపోయింది.

‘పాత బండి కదా, చూసుకుని కొనాలి’ అని ఎవరైనా అనొచ్చు. గొట్టం లోపల ఏ ఫ్లూయిడ్ ఉందో బయటి నుంచి ఎవరికీ కనిపించదు. చైన్ అరిగితే గేజ్ పెట్టి చూస్తాం, టైర్ అరిగితే కంటికే తెలుస్తుంది, డిస్క్ మీద మినిమం మందం ఎంతో అచ్చు వేసే ఉంటుంది, చాలావాటికి 1.5 మిల్లీమీటర్లు. ఫ్లూయిడ్ విషయంలో మాత్రం పోసినవాడి మాటే ఆధారం. అందుకే ఆ మాటలో అబద్ధం ఆడకూడదు. పైగా ఫ్లూయిడ్ మార్చేస్తే సరిపోయే పని కాదిది. ఒకసారి సీళ్ళు పాడయ్యాక వాటిని నమ్మి దిగలేం. లివర్లు, గొట్టాలు, క్యాలిపర్లు, ముందూ వెనకా అన్నీ మార్చాలి అన్నాడు మెకానిక్.

కొనేవాళ్ళు కనీసం ఇవి చూడండి. రిజర్వాయర్ మూత మీద ఏం రాసి ఉందో చదివి, ఏ ఫ్లూయిడ్ పోశారో అడగండి, రెండూ కలవకపోతే అక్కడితో ఆపేయండి. లివర్ గట్టిగా నొక్కి నిమిషం పాటు అలాగే పట్టుకోండి, మెల్లగా లోపలికి దిగిపోతుంటే తేడా ఉన్నట్టే. చక్రం ఎత్తి తిప్పండి. క్యాలిపర్ దగ్గర, లివర్ దగ్గర కొత్త స్టిక్కర్ కనిపిస్తే దాని కింద ఏముందో చూడనివ్వమనండి, ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. వీలైతే నీళ్ళ గ్లాసు టెస్ట్ మెకానిక్ చేతే చేయించండి, డాట్ ఫ్లూయిడ్ చర్మానికీ కళ్ళకీ మంచిది కాదు.

నన్ను బ్లాక్ చేశాడు గానీ స్నేహితుడి ఫోన్‌లో చూశాను, అదే అకౌంట్ నుంచి ఇవాళ ఇంకో బండి పెట్టాడు. ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్నది), దాని కింద కూడా ‘బ్రేకులు కొత్తగా బ్లీడ్ చేయించాం’ అనే ఉంది. ఎవరైనా బేరంలో ఉంటే డబ్బు పంపే ముందు ఏ ఫ్లూయిడ్ పోశాడో మెసేజ్‌లో రాయించుకోండి. ఇప్పటికే అతని దగ్గర ఏ బండైనా కొని ఉంటే, మెకానిక్ మూత తీసి చూసేదాకా దాన్ని దిగుడుకి తీసుకెళ్ళకండి.